హాల్లో అందరూ తలూపితే ఏకాభిప్రాయం కుదిరినట్టేనా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే స్నానం, భోజనం లాంటి రోజువారీ పనులు పేషెంట్లు మళ్లీ చేసుకునేలా నేర్పేదాన్ని. పన్నెండేళ్లుగా పక్షవాతం వచ్చినవాళ్లతో పనిచేస్తున్నాను. డిశ్చార్జ్ అయి ఇంటికి చేరినవాళ్లకు ఇంటి దగ్గర థెరపీ ఎలా సాగాలో మార్గదర్శకాలు రాయాలని మా థెరపిస్టులం కొందరం అనుకున్నాం. నిపుణుల్ని పిలిచి ఒకరోజు సమావేశం పెట్టే బాధ్యత నామీద పడింది. ఇరవై మందిని పిలుద్దామనుకుంటున్నాం. వాళ్లలో ఇద్దరు మాకు చదువు చెప్పిన సార్లు. వాళ్లు ఒక మాట అన్నాక మాలో ఎవరూ నోరు విప్పరు. పొద్దున్నుంచి చర్చ పెట్టి, సాయంత్రం చేతులెత్తించి తీర్మానాలు రాసేస్తే సరిపోతుందా? పరిశోధనలు లేని విషయాల్లో ఏం రాయాలి? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక థెరపిస్టు, విజయవాడ

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ‘ఎవరూ నోరు విప్పరు’ అన్న మాట దగ్గరే ఆగాను. మీ అసలు సమస్య అదే. చేతులెత్తించే పద్ధతి మాత్రం వద్దు. మౌనం అర్ధాంగీకారం అని చిన్నప్పటినుంచి వింటూ పెరిగాం. మార్గదర్శకాలు రాసేచోట మౌనాన్ని అలా లెక్కేసుకుంటే, మాట్లాడని మనిషికి తెలిసిన విషయం మన కాగితం మీదికి రాదు. దాని నష్టం భరించేది పేషెంటు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట ఇలాంటి సమావేశమే నేనూ నడిపాను. ‘పక్షవాతం వచ్చిన ప్రతి పేషెంటు ఇంట్లోనూ బాత్రూమ్ గోడకు పట్టుకునే కడ్డీ బిగించాలి’ అన్న వాక్యం తెరమీద ఉంది. అందరికంటే పెద్దాయన “ఇందులో చర్చించడానికేముందమ్మా, రాసుకో” అన్నారు. అందరూ తలూపారు. నేను రాసుకున్నాను. భోజనాలయ్యాక చేతులు కడుక్కుంటుంటే, జిల్లా నుంచి వచ్చిన ఒక కుర్రాడు పక్కకొచ్చి మెల్లగా చెప్పాడు. “మేడమ్, నేను వెళ్లే ఇళ్లలో సగం అద్దె ఇళ్లు. గోడకు డ్రిల్లు పెడితే ఓనరు ఒప్పుకోడు. మిగతావాటిలో బాత్రూమ్ పెరట్లో ఉంటుంది, రేకులతో కట్టింది. రేకుకి బోల్టు నిలవదు. మనిషి బరువు మోపితే కడ్డీతో సహా ఊడొస్తుంది.” మరి లోపల ఎందుకు చెప్పలేదని అడిగాను. “సార్ అయిపోయిందన్నారు కదా మేడమ్” అన్నాడు. ఆ హాల్లో అలాంటి ఇళ్ల గడప రోజూ తొక్కేది అతనొక్కడే. అతను మాట్లాడే వీలు కల్పించాల్సింది నేను, కల్పించలేదు.

ఈ ఇబ్బంది మనవాళ్లకే పరిమితం కాదు. 1950ల్లో అమెరికాలో రాండ్ అనే పరిశోధన సంస్థలో పనిచేసిన ఓలాఫ్ హెల్మర్, నార్మన్ డాల్కీ నిపుణుల అంచనాలు సేకరించడానికి ఒక దారి వెతికారు. పదిమందిని ఒక గదిలో కూర్చోబెడితే పెద్ద గొంతున్నవాళ్ల మాటే నెగ్గుతుంది. అందుకని నిపుణుల్ని విడివిడిగా కాగితం మీద అడిగారు. పేర్లు తీసేసి, అందరి జవాబులూ క్రోడీకరించి మళ్లీ వాళ్లకే పంపి, ఇవి చూశాక మీ అభిప్రాయం మారిందా అని అడిగారు. డెల్ఫీ పద్ధతి అంటే ఇదే. తర్వాత 1971లో ఆండ్రే డెల్బెక్, ఆండ్రూ వాన్ డి వెన్ నామినల్ గ్రూప్ పద్ధతి తెచ్చారు. అందులో మనుషులు ఒకేచోట కూర్చుంటారు గానీ ముందు ఎవరి కాగితం మీద వాళ్లు మాట్లాడకుండా రాసుకుంటారు. ఆ తర్వాత వరసగా ఒక్కొక్కరు ఒక్కో అంశం చదువుతారు. అందరిదీ అయ్యాకే చర్చ. ఓటు ఎవరికి వాళ్లు విడిగా వేస్తారు.

మీకు నేను చెప్పేది వీటి తర్వాత వచ్చిన పద్ధతి. 1980ల్లో రాండ్, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కలిసి రూపొందించాయి. ఏ చికిత్స ఎవరికి తగినదో తేల్చడానికి వచ్చింది. మొదటి విడతలో ఒక్కో వాక్యానికి 1 నుంచి 9 దాకా మార్కు ఇంటి దగ్గరే వేసి పంపుతారు. 1 నుంచి 3 అంటే తగదు, 4 నుంచి 6 అంటే తేల్చుకోలేకపోతున్నాం, 7 నుంచి 9 అంటే తగినది. రెండో విడతకే అందరూ కలుస్తారు. ప్రతివాళ్ల ముందూ ఒక కాగితం ఉంటుంది. తాను వేసిన మార్కూ, మిగతావాళ్ల మార్కులు ఎలా పరుచుకున్నాయో అందులో కనిపిస్తుంది. ఏ మార్కు ఎవరిదో మాత్రం ఉండదు. చర్చించుకుంటారు, మళ్లీ ఎవరి మార్కు వాళ్లే వేసుకుంటారు. కాబట్టి మీరు చూస్తున్న ఆ ఒక్కరోజుకి ముందు కనీసం మూడు నెలల పని ఉంది. హాలు తర్వాత బుక్ చేసుకోవచ్చు.

ఆ మూడు నెలల్లో మొదటి పని, ఓటు వేయాల్సినవేవో, వేయకూడనివేవో విడదీయడం. పరిశోధన స్పష్టంగా ఉన్నచోట ఓటు అక్కర్లేదు. పక్షవాతం తర్వాత స్నానం, దుస్తులు, భోజనం వంటి రోజువారీ పనుల మీద గురిపెట్టి చేసే ఆక్యుపేషనల్ థెరపీ వల్ల ఆ పనులు మెరుగవుతాయని అప్పటిదాకా వచ్చిన ట్రయల్స్‌ని కలిపి బేరీజు వేసిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. దానికి చేతులెత్తడం ఎందుకు? అలాగే మంచి చేతికి గ్లోవ్ తొడిగి, పడిపోయిన చేతితోనే పని చేయించే థెరపీ ఉంది కదా, దానివల్ల చెయ్యి మెరుగవుతుందని 222 మందితో చేసిన ఎక్సైట్ ట్రయల్ 2006లో చూపించింది. అది మణికట్టూ వేళ్లూ కాస్తయినా కదిలించగలిగినవాళ్ల మీద చేసిన అధ్యయనం. ఆ షరతు మీ వాక్యంలో ఉండాలి, అంతే.

ఇక మన దేశపు పరిశోధన ఒకటి మీ ప్యానెల్ చేతికి తప్పకుండా అందాలి. అటెండ్ ట్రయల్ అంటారు, 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. భారతదేశంలోని 14 ఆస్పత్రులు, 1,250 మంది పేషెంట్లు. ఒక గుంపులో మామూలు వైద్యంతోపాటు ఇంట్లోవాళ్లకు పునరావాసంలో శిక్షణ ఇచ్చారు, రెండో గుంపుకి మామూలు వైద్యమే. ఆరు నెలల తర్వాత చూస్తే చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడ్డవాళ్లు కలిపి రెండు గుంపుల్లోనూ 47 శాతమే. మీ హాల్లో ఎవర్నడిగినా ‘ఇంట్లోవాళ్లకు నేర్పితే పేషెంటు కోలుకుంటాడు’ అనే వాక్యానికి చెయ్యెత్తుతారు. ఆ ఫలితం చదవక ముందు నేనూ ఎత్తేదాన్నే. నమ్మకం ఎంత గట్టిదైనా, ఎంతమందిదైనా, ఆధారం అవదని చెప్పడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇది. అలాగని ఇంట్లోవాళ్లకు ఏమీ నేర్పొద్దని దాని అర్థం కాదు. మంచం మీంచి కుర్చీలోకి భద్రంగా ఎలా దించాలో వాళ్లకు తెలియాల్సిందే. ‘కుటుంబం చేస్తే చాలు, థెరపిస్టు అక్కర్లేదు’ అనే ధోరణిలో మాత్రం ఎక్కడా రాయకండి. ఒక్కో అంశానికి రెండు పేజీలకు మించకుండా ఇలాంటి సారాంశాలు తయారుచేసి, మార్కులు వేయకముందే అందరికీ పంపండి.

ఇరవై మంది ఎక్కువ. రాండ్ పద్ధతిలో 7 నుంచి 15 మంది దాకా కూర్చుంటారు, తొమ్మిది మంది ఉంటే నడపడం తేలిక. మీ సార్లు ఇద్దరూ ఉండాలి, వాళ్ల అనుభవం మీకు కావాలి. ఒక న్యూరాలజిస్టు, ఒక ఫిజియో, ఇళ్లకు వెళ్లి పనిచేసే థెరపిస్టులు ముగ్గురు, వాళ్లలో ఇద్దరైనా చిన్న ఊళ్లవాళ్లు. మిగిలిన రెండు కుర్చీలు పక్షవాతం నుంచి తేరుకుంటున్న ఒక మనిషికీ, ఇంట్లో చూసుకుంటున్న ఒకరికీ. ఒక్కర్నే పిలిస్తే నిపుణుల మధ్య బిక్కుబిక్కుమంటూ కూర్చుంటారు, ఇద్దరుంటే ఒకరికొకరు ధైర్యం. పక్షవాతం కుడివైపు వచ్చినవాళ్లలో చాలామందికి మాట తడబడుతుంది. అలాంటివారిని పిలిస్తే చర్చాంశాలు వారం ముందే తెలుగులో పంపండి, హాల్లో మాట పూర్తయ్యేదాకా ఆగండి. వాళ్లకోసం వాక్యాలన్నీ తెలుగులో రాయాల్సొస్తుంది చూశారూ, అది మీకే మేలు చేస్తుంది. ఇంగ్లీషులో గంభీరంగా వినిపించే సగం వాక్యాలు తెలుగులోకి వచ్చేసరికి ఏమీ చెప్పడం లేదని బయటపడిపోతాయి. ఎవరికైనా పరికరాలు అమ్మే వ్యాపారంతోనో, సొంత క్లినిక్‌తోనో ముడి ఉంటే ముందే రాసివ్వమనండి. ఆ అంశం వచ్చినప్పుడు వాళ్లు ఓటు వేయకూడదు.

వాక్యాలు రాయడం దగ్గర తొందరపడకండి. ‘వీలైనంత త్వరగా ఇంట్లో తగిన మార్పులు చేయించి కుటుంబానికి శిక్షణ ఇవ్వాలి’ అని రాస్తే దానికి 9 వేయనివాళ్లుండరు, దాన్ని పట్టుకుని పని చేయగలిగినవాళ్లూ ఉండరు. ఒక వాక్యంలో ఒకే పని ఉండాలి. ఎవరికి, ఎప్పుడు, ఏం చేయాలో కనబడాలి. ఎంతమంది ఒప్పుకుంటే ఏకాభిప్రాయం అన్నదీ మార్కులు చూడకముందే కాగితం మీద పెట్టండి. దీనికి లోకమంతటికీ ఒకే అంకె లేదు. 70 శాతం పెట్టుకున్నవాళ్లున్నారు, 80 పెట్టుకున్నవాళ్లున్నారు. ఫలితాలు చూశాక గీత జరపడం మాత్రం తప్పు. తొమ్మిది మంది ఉంటే, ముగ్గురో అంతకంటే ఎక్కువమందో 1-3 వేసి, ముగ్గురో ఎక్కువమందో 7-9 వేస్తే అక్కడ భేదాభిప్రాయం ఉన్నట్టు రాండ్ పద్ధతి లెక్క.

భేదాభిప్రాయం వస్తే భయపడకండి, ఆ రోజు మీరు కలిసేదే దానికోసం. తర్వాత నేను నడిపిన మరో సమావేశంలో జరిగింది చెబుతాను. మన ఇళ్లలో నేలమీద కూర్చునే లెట్రిన్ ఎక్కువ. మోకాలు వంగని పేషెంటుకి చాలామంది ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, సీటు మధ్యలో రంధ్రం కోసి, దానిమీద వేస్తారు. ‘ఖర్చు తక్కువ కాబట్టి ఈ కుర్చీని సూచించవచ్చు’ అన్న వాక్యానికి నలుగురు 8, 9 వేశారు. ముగ్గురు 1, 2 వేశారు. ఇద్దరు 5. చేతులెత్తిస్తే నలుగురు ముగ్గురి మీద గెలిచేవాళ్లు, కుర్చీ మార్గదర్శకాల్లోకి ఎక్కేసేది. నేను మార్కుల కాగితం చూపించి, “2 ఎందుకు వేసి ఉంటారో ఎవరైనా ఊహించి చెప్పండి” అన్నాను. 2 వేసిందెవరో చెప్పక్కర్లేదు కదా, అందుకే అందరికీ మాటొచ్చింది. తడి నేలమీద ప్లాస్టిక్ కాళ్లు విచ్చుకుంటాయని ఒకరు. రంధ్రం కోశాక సీటు మధ్యలో బలం పోతుందని ఒకరు. కుర్చీ విరిగి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న ఒకావిడ సంగతి ఇంకొకరు చెప్పారు. అప్పుడు 8 వేసిన థెరపిస్టు ఆశ్చర్యపోయారు. “నేను అనుకున్నది నడుము నిలబెట్టి కూర్చోగలిగిన మనిషిని, పక్కన ఇంకొకరు ఉన్నప్పుడు. ఒరిగిపోయే మనిషికి నేనూ ఇవ్వను” అన్నారు.

అంటే వాళ్లలో వాళ్లకు తగాదానే లేదు. ఇన్నాళ్లూ ఒకే వాక్యంలో ఇద్దరు వేర్వేరు పేషెంట్లని చూస్తున్నారు. అక్కడికక్కడే వాక్యాన్ని రెండు చేశాం. ఆనుకోకుండా కూర్చోగలిగినవాళ్లకు, పక్కన మనిషి ఉండగా, కాళ్లకు రబ్బరు బుష్‌లున్న గట్టి ఇనప కుర్చీ అన్నది ఒకటి. ఆనుకోకుండా కూర్చోలేనివాళ్లకు కోసిన ప్లాస్టిక్ కుర్చీ అన్నది రెండోది. మళ్లీ మార్కులు వేయిస్తే మొదటిదానికి అందరూ 7 పైనే, రెండోదానికి అందరూ 3 లోపే. వద్దని అందరూ తేల్చడం కూడా ఏకాభిప్రాయమే, దాన్నీ రాసుకోండి. ఇళ్లకు వెళ్లే కొత్త థెరపిస్టుకి ‘వద్దు’ అన్న వాక్యాలే ఎక్కువ పనికొస్తాయి.

ఇక మీ సార్ల సంగతి. హాల్లో అందరిముందూ ఆపడం కుదరదు, మర్యాదా కాదు. ముందుగానే ఇంటికి వెళ్లి కలవండి, వీలుకాకపోతే ఫోన్ చేయండి. “సార్, మీరు ముందు చెప్పేస్తే మేమెవ్వరం ఇంకో మాట అనలేం. చిన్నవాళ్లం మేం మాకు తెలిసింది చెప్పేదాకా ఆగి, చివర్లో మీరు చెప్పండి” అని ఉన్నదున్నట్టు అడగండి. నేనెన్నోసార్లు అడిగాను. కాదన్నవాళ్లు నాకు తగల్లేదు, పైగా సంతోషించారు. చర్చ నడిపే పని వాళ్లకు గానీ, మీకు గానీ వద్దు. థెరపీలో పక్షం లేని మనిషి ఎవరైనా, ఒక మంచి లెక్చరరైనా సరే, ఆ పనికి చాలు. మాట వరసను చిన్నవాళ్ల దగ్గర మొదలుపెట్టించండి. వేదిక, బొకేలు, శాలువాలు ఆ రోజుకి పక్కనపెట్టి, గుండ్రంగా కుర్చీలు వేయించండి.

టైమ్ లెక్క కూడా చూసుకోండి. ఒక్క వాక్యం చర్చించి మళ్లీ మార్కు వేయడానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. పన్నెండు వాక్యాలంటే నాలుగు గంటలు. ఒక రోజులో అంతకంటే చేయలేరు. కాబట్టి మొదటి విడతలోనే అందరూ ఒప్పుకున్నవాటిని చర్చకు తేకండి, తేలనివే తెండి. అన్నిటికంటే చిక్కుగా ఉన్నది పొద్దున మొదటి టీ తర్వాత పెట్టండి, భోజనాల తర్వాత వద్దు.

పరిశోధన లేనిచోట ఏం రాయాలని అడిగారు. మన దేశంలో మొదటి ఆక్యుపేషనల్ థెరపీ స్కూలు 1950లో బొంబాయిలో కమలా నింబ్కర్ చొరవతో మొదలైంది. 1952లో ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్యను స్థాపించిన పది దేశాల్లో మనదీ ఒకటి. ఇంత చరిత్ర ఉండీ మనం చదువుకున్న పుస్తకాల్లో మనిషి భోజనం చేసేది ఫోర్కుతోనే. కుడిచెయ్యి పడిపోతే ఎడమచేతికి మార్పించండి అని ఒక్క లైనులో తేల్చేస్తాయి. మన ఇంట్లో అది ఒక్క లైనులో తేలదు.

కుర్చీ చర్చ జరిగిన ఆ సమావేశంలోనే ‘కుడిచెయ్యి పనిచేయని పేషెంటుకి ఎడమచేత్తో చెంచా పట్టడం నేర్పాలి’ అన్న వాక్యానికి థెరపిస్టులందరూ 8, 9 వేశారు. చర్చ అక్కర్లేదనుకున్నాం. ఒక్క మార్కు మాత్రం 3. అది భర్తని చూసుకుంటున్న ఒకావిడది. తనే చెప్పింది. “ఆయనకి చెంచాతో తినడం వచ్చండీ, బాగానే నేర్పారు. కానీ ఇంటికెవరన్నా వస్తే ఆకల్లేదంటారు. తమ్ముడి కూతురి పెళ్లికి వెళ్లి బంతిలో కూర్చోకుండా వచ్చేశారు. నలుగురి ముందు ఎడంచేత్తో ఎలా తినను అంటారు.” కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా చార్టుల్లో ఆ మనిషి పేరు పక్కన ‘భోజనం: స్వతంత్రంగా’ అని ఉంటుంది.

ఆ రోజు ఆ వాక్యం మూడుసార్లు తిరగరాశాం. ఏ చేత్తో తినాలనుకుంటున్నారో ముందు ఆ మనిషినే అడగాలి. ఇంట్లో ఒంటరిగా తినేటప్పుడూ, నలుగురిలో తినేటప్పుడూ విడివిడిగా అడగాలి. వేళ్లలో కాస్త కదలిక ఉంటే అన్నం కలపడం, ముద్ద చేయడం, నోటిదాకా తేవడం మూడూ మూడు పనులుగా విడదీసి కుడిచేతికే నేర్పి చూడాలి. అంచు ఎత్తుగా ఉన్న పళ్లెం వాడాలి, అది జారకుండా కింద తడిగుడ్డ వేయాలి. ఎడమచేయి తప్పనిసరైతే ఇంట్లో పెద్దవాళ్లతో థెరపిస్టే మాట్లాడాలి, ఆ పని పేషెంటు మీద వదిలేయకూడదు. వీటికి ట్రయల్స్ లేవు. అందుకే వాటి పక్కన ‘ఆధారం: ప్యానెల్ అనుభవం’ అని స్పష్టంగా రాశాం. మీరూ అలాగే రాయండి. సిఫారసుల బలాన్ని తూచే గ్రేడ్ విధానంలో గట్టి సిఫారసు, షరతులతో కూడిన సిఫారసు అని రెండు రకాలున్నాయి కదా. ఇలాంటివి రెండో రకంలో పెట్టండి. అనుభవం మీద రాసిన వాక్యాన్ని పరిశోధన మీద రాసినట్టు కనిపించేలా ఎప్పుడూ పెట్టొద్దు.

తేలని వాక్యాలు కూడా నివేదికలో ఉండాలి, ఎందుకు తేలలేదో రెండు లైన్లతో. ఆఖరి వాక్యాలు ఆ సాయంత్రమే తెరమీద అందరికీ చూపించి ఖాయం చేయండి. తర్వాత ఇంటి దగ్గర కూర్చుని ‘భాష సరిచేశాను’ అంటూ ఎవరు ముట్టుకున్నా అర్థం మారిపోతుంది. రాసేటప్పుడు, మార్గదర్శకాల నాణ్యత చూసే అగ్రీ 2 పట్టిక పక్కన పెట్టుకోండి. ఆరు విభాగాల్లో 23 అంశాలు, ఏం మర్చిపోయారో అది చూపిస్తుంది. సమావేశం ఎలా నడిపారో రాయడానికి 2024లో వచ్చిన అకార్డ్ పట్టిక ఉంది. అచ్చుకి ఇచ్చేముందు హాల్లో లేని ముగ్గురు థెరపిస్టులకిచ్చి నెలరోజులు ఇళ్లలో వాడి చూడమనండి. 2021 చట్టంతో మన వృత్తితో సహా అనుబంధ ఆరోగ్య వృత్తులకు జాతీయ కమిషన్ వచ్చింది, ఇకముందు ఇలాంటి పత్రాల్ని జనం చూసే చూపు మారుతుంది. మళ్లీ ఏ సంవత్సరంలో సవరిస్తారో అట్టమీదే వేయండి.

ఈ వారం మీరు చేయాల్సినవి రెండే. సార్లకు ఫోన్. ఆ తర్వాత మీ పేషెంట్ల ఇళ్లలో, మీ మాట వినీ వినీ ఒకరోజు “అది మా ఇంట్లో కుదరదమ్మా” అని మీ మొహం మీదే చెప్పిన ఇల్లాలెవరో గుర్తుచేసుకుని, ఆవిణ్ని ప్యానెల్‌కి పిలవండి. ఆవిడ హాల్లో ఉన్న పూటంతా ఇంటి దగ్గర ఆయన్ని ఎవరు చూసుకుంటారో కనుక్కుని, ఆ మనిషికిచ్చే డబ్బులు కూడా బడ్జెట్‌లో రాయండి.